సంచీతో తిరిగి రాగలిగే దూరం: డెల్టా నుంచి విశాఖకు మారేవాళ్ళు బీచ్ దగ్గర ఇల్లు ఎలా చూసుకోవాలి

అమలాపురం, రాజోలు, నరసాపురం, పాలకొల్లు వైపు ఏ వీధిలో అడిగినా విశాఖపట్నంలో ఎవరో ఒకరు ఉంటారు. పిల్లలకు ఉద్యోగమో, ఆంధ్రా యూనివర్సిటీలోనో గీతంలోనో సీటో వస్తుంది. కొన్నాళ్ళకు కొబ్బరితోట కౌలుకిచ్చి, ఇంటికి తాళం వేసి పెద్దవాళ్ళూ బయల్దేరతారు. ఇల్లు వెతికేటప్పుడు అందరి నోటా ఒకే మాట: "బీచ్‌కి దగ్గర్లో చూడండి, పొద్దున్నే నడవొచ్చు." బ్రోకరు సాయంత్రం పూట తీసుకెళ్ళి ఆరో అంతస్తు బాల్కనీలో నిలబెడతాడు. ఎదురుగా సముద్రం, చల్లటి గాలి. అక్కడికక్కడే అడ్వాన్సు ఇచ్చేస్తారు. పాలప్యాకెట్టుకి కూడా బండి తియ్యాలని తర్వాత తెలుస్తుంది. ఊళ్ళో రోజుకు మూడుసార్లు సెంటర్‌కి వెళ్ళొచ్చిన పెద్దాయన లిఫ్ట్ దిగడమే మానేస్తారు.

పొరపాటు కొలత దగ్గర జరుగుతోంది. ఇంటి నుంచి ఇసుక ఎంత దూరమో చూస్తున్నారు. కూరగాయల బండి, మందుల షాపు, గుడి, బస్టాపు ఎంత దూరమో చూడటం లేదు. బీచ్‌కి వెళ్ళేది రోజుకొకసారి, అదీ ఓపికుంటే. కొత్తిమీరకి, కొబ్బరికాయకి, మాత్రలకి, ఇస్త్రీ బట్టలకి బయటికి రావాల్సింది రోజుకు మూడు నాలుగుసార్లు. మనిషిని రోజూ నడిపించేవి ఈ చిన్న పనులే. ఏ పేటలో అయితే ఇలాంటి పని మీద బయల్దేరిన మనిషి మరో పది నిమిషాలు నడిచి సముద్రం కూడా చూసి రాగలడో, ఆ పేట వెతుక్కోవాలి.

డెల్టా మనిషికి ఈ సంగతి కొత్తగా నేర్పక్కర్లేదు. అమలాపురంలో గడియార స్తంభం సెంటర్ చుట్టూ బతికినవాళ్ళకి నడకంటే ఏమిటో తెలుసు. అక్కడ ఎవరూ "వాకింగ్" అని బయల్దేరరు. నల్ల వంతెన దాకా పనుండి వెళ్తారు, దారిలో ఇద్దరు పలకరిస్తారు, తిరిగొచ్చేసరికి గంట అవుతుంది. నేల బల్లపరుపు. కాలువ గట్టు మీద చెట్టు నీడ. కాళ్ళు నొప్పెడితే కూర్చోవడానికి ఎవరిదో ఒక అరుగు. ఈ సదుపాయాల్లో ఏవి విశాఖలో దొరుకుతాయి, ఏవి దొరకవు అన్నది ముందే లెక్క వేసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

సముద్రానికి ఎంత దూరంలో ఉండాలో డెల్టా పెద్దలకు తెలుసు

గోదావరి డెల్టాను పైనుంచి తీసిన ఫొటోలో చూస్తే తీరానికి ఇంచుమించు సమాంతరంగా ఇసుక మెరకలు వరసలు వరసలుగా కనిపిస్తాయి. వేల ఏళ్ళ కింద ఒక్కో కాలంలో సముద్రపు ఒడ్డు అక్కడ ఉండేది. నది మట్టి మేట వేస్తూ పోయిన కొద్దీ ఒడ్డు ముందుకు జరిగింది, పాత ఒడ్లు మెరకలుగా మిగిలాయి. ఇళ్ళు, కొబ్బరితోటలు మెరక మీద, వరి పల్లంలో. ఊరు కట్టుకున్నవాళ్ళు అలల శబ్దం వినపడే చోటు కోసం వెతకలేదు. తుపానుకి నీళ్ళు ఎక్కని చోటు చూసుకున్నారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద విరుచుకుపడిన తుపాను చూసినవాళ్ళకి ఈ జాగ్రత్త ఎందుకో చెప్పనవసరం లేదు.

కాకినాడ ఇంకో పాఠం చెబుతుంది. పేరుకి సముద్రపు ఒడ్డు నగరం. మెయిన్ రోడ్డు, సినిమా రోడ్డు, రామారావుపేట, గాంధీనగర్, భానుగుడి ప్రాంతాలు నడిచి తిరగడానికి చక్కగా ఉంటాయి. నేల చదును, వీధులు చాలావరకు తిన్నగా గళ్ళు గీసినట్టు ఉంటాయి. కానీ అక్కడి నుంచి బీచ్‌కి నడిచి వెళ్ళేవాళ్ళు ఉండరు. ఊరికి ఆనుకుని ఉన్నది అలలు కొట్టే ఇసుక తీరం కాదు. హోప్ ఐలాండ్ చాటున ఉన్న లోతు తక్కువ అఖాతం, ఉప్పుటేరు, దక్షిణాన కోరింగ మడ అడవులు. ఇసుక బీచ్ ఉత్తరాన, పోర్టు, ఎరువుల ఫ్యాక్టరీలు దాటాక ఉప్పాడ దారిలో ఉంటుంది. ఆదివారం పిల్లల్ని బండి మీద తీసుకెళ్ళే చోటు అది. సముద్రం ఉన్న ఊరు వేరు, సముద్రం దాకా నడిచే ఊరు వేరు అని కాకినాడలో ఇల్లు తీసుకున్న ఎవరికైనా తెలుస్తుంది.

ఆ దారిలోనే ఉప్పాడ. అక్కడ ఇళ్ళు, రోడ్డు ఏళ్ళ తరబడి సముద్రంలో కలిసిపోతూనే ఉన్నాయి. ఈ తీరంలో అలలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతాయి. మధ్యలో ఏదైనా అడ్డం వస్తే దానికి దక్షిణాన ఇసుక పోగవుతుంది, ఉత్తరాన కోత పడుతుంది. సుమారు 16 కిలోమీటర్ల పొడవున ఉత్తరంగా పెరిగిన హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ కాకినాడను కాపాడుతోంది. ఉప్పాడకు చేరాల్సిన ఇసుక తగ్గడానికి అదీ ఒక కారణం. ఈ లెక్క గుర్తుంచుకోవాలి, విశాఖలో మళ్ళీ ఎదురవుతుంది.

యానాం సంగతి చెప్పకపోతే అన్యాయం. అక్కడ రాజీవ్ బీచ్ అని పిలిచేది నిజానికి గౌతమి గోదావరి గట్టు. ఇంట్లోంచి బయటపడి, తిన్నని వీధిలో నడిచి, మార్కెట్ పని చూసుకుని, గట్టు మీద కూర్చుని రావచ్చు. చిన్న ఊరు కాబట్టి అది సాధ్యమైంది, నిజమే. అయినా నీటి ఒడ్డున నడిచే పేట ఎలా ఉండాలో చూపించమంటే ముందు చూపించాల్సింది యానామే.

విశాఖలో "డౌన్" అనే మాట

విశాఖలో చిరునామాలు వింటుంటే ఒక మాట తరచూ తగులుతుంది: పాండురంగాపురం డౌన్, కలెక్టరాఫీసు డౌన్, సిరిపురం డౌన్. డెల్టాలో ఈ మాటకి పనే లేదు. వంతెన ఎక్కడం తప్ప ఎక్కేదీ దిగేదీ లేని నేల మనది. విశాఖలో సగం పేటలు కొండవాలు మీదే ఉన్నాయి. మ్యాప్‌లో బీచ్ 500 మీటర్లని కనిపిస్తుంది. ఆ 500 మీటర్లూ దిగుడే. పొద్దున్నే హాయిగా దిగుతారు. తిరిగి వచ్చేటప్పుడు అదంతా ఎక్కాలి, అప్పటికి ఎండ ముదురుతుంది, చేతిలో సంచీ ఉంటుంది.

అందుకే ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు సంచీతో పరీక్ష పెట్టుకోవాలి. దగ్గర్లో ఉన్న కూరగాయల అంగడికి ఇంటి నుంచి నడిచి వెళ్ళి, ఐదు కిలోల బరువు కొనుక్కుని, అదే ఇంటికి నడిచి తిరిగి రావాలి. వెళ్ళే నడక ఏమీ చెప్పదు, వచ్చే నడకే చెబుతుంది. మామూలు మనిషి గంటకు 5 కిలోమీటర్ల చొప్పున నడిస్తే పది నిమిషాల్లో 800 మీటర్లు దాటతాడు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు గంటకు 3 కిలోమీటర్లు నడిస్తే గొప్ప. అంటే పది నిమిషాలకు 500 మీటర్లు, అదీ చదును నేల మీద. ఎక్కుడు ఉంటే అది ఇంకా తగ్గుతుంది. ఇంట్లో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి కాళ్ళతోనే దూరం కొలవాలి. ఇల్లు చూడటానికి కొడుకూ కోడలూ మాత్రమే వెళ్ళి ఖాయం చేసుకు రావడం చాలా ఇళ్ళలో జరిగే తప్పు.

మ్యాప్ ఇంకోలా కూడా మోసం చేస్తుంది. సఖినేటిపల్లి రేవులో నిలబడితే వశిష్ఠ గోదావరి అవతల నరసాపురం ఎదురుగా కనిపిస్తుంది. కానీ పంటు వచ్చేదాకా ఆగాలి, లేదంటే చుట్టు తిరిగి పోవాలి. నగరంలో ఆ వశిష్ఠ పాయ బదులు ప్రహరీ గోడలుంటాయి. పెద్ద సంస్థల ఆవరణలు, గేటెడ్ అపార్ట్‌మెంట్లు, ఒకే దారి ఉన్న లేఅవుట్లు అడ్డం వస్తాయి. పక్క వీధిలో కనిపించే మందుల షాపుకి కిలోమీటరు చుట్టు తిరగాల్సి రావచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో నడక దారి అని పెట్టి చూస్తే కొంత తెలుస్తుంది, కాళ్ళతో చూస్తే మొత్తం తెలుస్తుంది.

ఏ పేట ఎలా ఉంటుంది

పాండురంగాపురం, మహారాణిపేట ఆర్కే బీచ్‌కి ఆనుకుని ఉన్న ప్రాంతాలు. మహారాణిపేటలో పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ ఉంది, దాని చుట్టూ మందుల షాపులు, ల్యాబులు, డాక్టర్ల క్లినిక్‌లు ఉన్నాయి. నెలకు రెండుసార్లు ఆసుపత్రి పనిపడే పెద్దవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. ఉదయం పూట కొద్దిసేపు బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేసి నడిచేవాళ్ళకి వదులుతారు. ఆ సమయంలో ఆ రోడ్డు మీద నడవడం నిజంగా భాగ్యం. అయితే ఎక్కుళ్ళు ఉన్నాయి. సెలవు రోజు సాయంత్రాలు ఊరంతా అక్కడే ఉంటుంది. నౌకాదళ దినోత్సవ విన్యాసాలు విశాఖలో జరిగినా, శివరాత్రి మర్నాడు సముద్ర స్నానాలకి జనం దిగినా ఆ వీధుల్లో ఆటో దొరకడం కూడా కష్టమే.

కిర్లంపూడి లేఅవుట్ పేరు వినగానే మనవైపు ఊరు గుర్తొస్తుంది. ప్రశాంతంగా, వెడల్పాటి రోడ్లతో, యూనివర్సిటీకీ బీచ్‌కీ దగ్గరగా ఉంటుంది. అద్దెలు, ధరలు అందుకు తగ్గట్టే ఉంటాయి. ఇలాంటి లేఅవుట్లలో పెద్ద ఇళ్ళుంటాయి, చిన్న కొట్లు తక్కువ. నడవడానికి రోడ్డు బాగుంటుంది గానీ నడిచి చేరుకోవాల్సిన అంగడి దగ్గర్లో ఉండదు.

డెల్టా నుంచి వచ్చేవాళ్ళు ముందు చూడాల్సింది చిన వాల్తేరు, పెద వాల్తేరు అని గట్టిగా చెప్పాలి. ఇవి ఒకప్పటి ఊళ్ళు. నగరం పెరిగి వీటిని కలిపేసుకుంది గానీ ఊరి లక్షణం పోలేదు. సన్నటి వీధులు, గుమ్మంలోనే కిరాణా కొట్టు, టిఫిన్ బండి, పూలమ్మే ఆవిడ, ఇస్త్రీ పెట్టె ఉన్న రేకుల షెడ్డు. పెద వాల్తేరులో కరకచెట్టు పోలమాంబ గుడి ఉంది. గ్రామదేవత ఉన్న చోట పండగలుంటాయి, పండగలున్న చోట పక్కింటివాళ్ళు పలకరిస్తారు. మావుళ్ళమ్మ జాతర చూసి పెరిగిన భీమవరం మనిషికి ఇక్కడ ఒంటరితనం తక్కువ. ఇళ్ళు పాతవి, కారు పార్కింగు దొరకదు, వీధుల్లో బళ్ళు అడ్డంగా ఉంటాయి. రోజూ కారు తియ్యాల్సిన ఉద్యోగం కాకపోతే ఈ లోపాలు భరించదగినవే. పక్కనే లాసన్స్ బే కాలనీ ఉంది. కాలనీలో ఇల్లు తీసుకున్నా పెద వాల్తేరు కొట్లు నడిచే దూరంలో ఉండేలా చూసుకుంటే రెండు విధాలా లాభం.

ఎంవీపీ కాలనీ అసలు పేరు మువ్వలవానిపాలెం. పన్నెండు సెక్టార్లు, ప్లాన్ ప్రకారం వేసిన రోడ్లు, పార్కులు. అన్నిటికంటే ముఖ్యం, రైతుబజారు. చాలాచోట్ల నేల చదునుగానే ఉంటుంది, కాబట్టి డెల్టా కాళ్ళకి అలవాటైన నడక ఇక్కడ సాగుతుంది. సెక్టారును బట్టి బీచ్ దూరం బాగా మారిపోతుంది. అప్పుఘర్ వైపు ఇల్లయితే సముద్రానికి నడిచి పోవచ్చు, ఇసుకతోట, హైవే వైపు ఇల్లయితే బండి కావాలి. "ఎంవీపీలోనే" అని బ్రోకరు చెబితే ఏ సెక్టారో, ఆ సెక్టారులో ఏ మూలో అడగాలి.

సాగర్ నగర్, ఎండాడ, ఋషికొండ వైపు కొత్త అపార్ట్‌మెంట్లు చాలా వచ్చాయి. బాల్కనీ సముద్రాలు ఎక్కువగా కనిపించేది ఇక్కడే. ఋషికొండ బీచ్‌కి 2020లో, శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, అందంగానూ ఉంటుంది. గీతంలో చదివే పిల్లలకి, అటువైపు ఐటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి అనుకూలమే. కానీ ఇళ్ళకీ సముద్రానికీ మధ్య వేగంగా పోయే రోడ్డు ఉంది, అంగళ్ళు దూరందూరంగా ఉన్నాయి, కొండ ఎక్కుళ్ళు ఉన్నాయి. బండి నడపని పెద్దవాళ్ళను అక్కడ దింపితే ప్రతి పనికీ పిల్లల మీద ఆధారపడాలి. సొంతూళ్ళో ఎవరి మీదా ఆధారపడని మనిషికి అది చాలా బాధ. భీమిలి అచ్చంగా ఒక పాత ఊరు, నడకకు బాగుంటుంది. నగరం మధ్యలో రోజూ పనున్నవాళ్ళకి మాత్రం దూరం.

పాత ఊరు, అంటే వన్ టౌన్, నడకకు ఏ పేటకీ తీసిపోదు. పూర్ణా మార్కెట్ అక్కడికి దగ్గరే. పోర్టు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము ఆ ప్రాంతానికి చాలాకాలంగా ఉన్న సమస్య. ఆయాసం ఉన్నవాళ్ళు ఇంట్లో ఉంటే అటు చూడకపోవడమే మంచిది.

విశాఖ కాకుండా చెన్నై వెళ్ళేవాళ్ళకి, అంటే కాకినాడ నుంచి సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్ళకి, బీసెంట్ నగర్, తిరువాన్మియూరు ఉన్నాయి. నేల చదును, సముద్రం పక్కనే. బీసెంట్ నగర్‌లో సిటీ బస్ టెర్మినస్ కూడా ఉంది. ఎక్కుళ్ళ బాధ లేదు, భాష బాధ ఉంది.

సముద్రం నుంచి మూడో వీధి

బీచ్‌కి ఎదురుగా ఉన్న మొదటి వరస ఇళ్ళకే గిరాకీ ఎక్కువ. రోజూ బతికే ఇల్లుగా చూస్తే రెండో మూడో వీధి మేలు. ఉప్పుగాలి తీరం పక్కన చాలా ఎక్కువగా ఉండి, లోపలికి పోయే కొద్దీ తగ్గుతుంది. కిటికీ ఊచలు, గేట్లు, ఏసీ బయటి పెట్టె, గ్యాస్ స్టవ్వు కూడా తుప్పు పడతాయి. గోడలోపల ఇనుము తుప్పు పడితే ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. భారత ప్రమాణం ఐఎస్ 456 మామూలు పొడి వాతావరణంలో ఇనుము మీద 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు (పైపొర) చాలంటుంది. తీరప్రాంతపు గాలికి బయటపడే చోట 45 మిల్లీమీటర్లు, కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు కావాలంటుంది. కెరటాల తుంపరలు తగిలే చోట ఇంకా ఎక్కువ. అద్దెకైనా కొనుగోలుకైనా వెళ్ళినప్పుడు బాల్కనీ అడుగుభాగం, మెట్ల కింది భాగం, సెల్లార్ స్తంభాలు చూడాలి. పెచ్చులు ఊడి ఇనుము కనిపిస్తుంటే రంగులు ఎంత కొత్తగా ఉన్నా అక్కడి నుంచి వచ్చేయాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీదే తీరం దాటింది. సముద్రానికి ఎదురుగా అద్దాలు పెట్టుకున్న భవనాలు ఎలా అయ్యాయో ఊరంతా చూసింది, చాలా పేటలకి రోజుల తరబడి కరెంటు రాలేదు. కరెంటు లేని రోజుల్లో ఏడో అంతస్తుకి నీళ్ళు మోసుకెళ్ళడం ఎలా ఉంటుందో అప్పుడు అక్కడున్నవాళ్ళని అడిగి తెలుసుకోవచ్చు. పెద్దవాళ్ళుంటే రెండో అంతస్తు దాటకపోవడం మంచిది. కొనేవాళ్ళు తీర నియంత్రణ నిబంధనలు కూడా చూసుకోవాలి. 2019 నోటిఫికేషన్ ప్రకారం పోటు హద్దు నుంచి, అంటే పోటు నీళ్ళు ఎక్కే గీత నుంచి, 500 మీటర్ల దాకా ఆ పరిధి ఉంటుంది. అనుమతి పత్రం చూపించమని అడిగితే విసుక్కునే బిల్డరు దగ్గర కొనకూడదు.

ఉప్పాడ దగ్గర చెప్పుకున్న ఇసుక లెక్క ఇక్కడా ఉంది. 1976లో విశాఖ పోర్టుకి ఔటర్ హార్బర్ వచ్చింది. ఉత్తరానికి పోయే ఇసుకకు దాని గోడలు అడ్డం. అందుకే పోర్టు డ్రెడ్జింగ్ చేసిన ఇసుకను ఆర్కే బీచ్ వైపు తెచ్చి పొయ్యాల్సి వస్తోంది. ఫొటోలో కనిపించిన వెడల్పాటి ఇసుక ఏడాదంతా అలాగే ఉంటుందని అనుకోవద్దు. ఆ తీరం లోతుగా దిగిపోతుంది, లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. అంతర్వేదిలోనో ఓడలరేవులోనో మోకాలు లోతు నీళ్ళల్లో ఆడిన పిల్లలకు ఇక్కడి నీళ్ళు వేరని గట్టిగా చెప్పాలి.

ఫుట్‌పాత్ విషయంలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు అడ్డంకుల్లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించకూడదు అంటాయి. ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ నడవడానికి కావాల్సిన వెడల్పు అది. బీచ్ రోడ్డు మీద అది దొరుకుతుంది. ఇంటి నుంచి బీచ్ రోడ్డు దాకా వెళ్ళే వీధిలో దొరుకుతుందా అన్నదే చూడాలి. డ్రైనేజీ మూతలు ఎత్తుపల్లాలుగా ఉంటే, ట్రాన్స్‌ఫార్మరు అడ్డం ఉంటే పెద్దవాళ్ళు రోడ్డు మీదికి దిగుతారు. బీచ్ రోడ్డు దాటడం కూడా ఆదివారం సాయంత్రం ఆరింటికి చూసుకోవాలి. మంగళవారం పదకొండింటికి చూస్తే ఆ రోడ్డు చాలా మంచిగా కనిపిస్తుంది.

బస్టాపు గురించి ఒక మాట. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ డబ్బులు అక్కర్లేదు. ఇంట్లో అమ్మ, అత్తగారు పిల్లల్ని అడక్కుండా సింహాచలం వెళ్ళి రావాలంటే బస్టాపు నడిచే దూరంలో ఉంటే చాలు. ఊరి నుంచి బియ్యం బస్తా, కొబ్బరికాయల సంచీ వేసుకుని ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండులో దిగే చుట్టాలకి కూడా అదే దారి.

ఇల్లు ఖాయం చేసుకునే ముందు ఆ పేటలో రెండు మూడు రోజులు ఉండటం మంచిది. చుట్టాలింట్లోనో లాడ్జిలోనో దిగవచ్చు. తెల్లవారుజామున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి ఇంటి చుట్టూ నడవాలి. వాన పడితే అదృష్టం, నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో కనిపిస్తుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నాయా, కుళాయి ఎన్ని గంటలకు వస్తుంది అన్నది బ్రోకరుని కాకుండా ఇస్త్రీ చేసేవాళ్ళనీ, వాచ్‌మన్ భార్యనీ అడగాలి. చివరి రోజున ఇంట్లో పెద్దవాళ్ళని తీసుకుని బీచ్ దాకా దిగి తిరిగి రావాలి. ఎక్కేటప్పుడు వాళ్ళు ఎక్కడో ఒకచోట ఆయాసంతో ఆగుతారు. ఆగిన చోట ఒక చెట్టు నీడ, కూర్చోవడానికి ఒక అరుగు, మంచినీళ్ళు అడగడానికి ఒక కొట్టు ఉన్నాయేమో చూడాలి. లేకపోతే టు-లెట్ బోర్డు కోసం పక్క వీధిలోకి తిరగాలి.